ఇద్దరికీ ఒకే కొలత

"డ్యూటీ దిగి గంటలో వస్తా" అంది చిన్నది ఫోనులో. పెట్టేసే ముందు ఇంకో మాట కూడా అంది. "రేపు ఆసుపత్రివాళ్లకి అవునో కాదో చెప్పాలి. చెప్పేముందు నీది ఒకసారి చూడాలక్కా. ఇంకెవర్ని అడగను చెప్పు?" కొత్తగా కొన్న మిషను చూపించమన్నంత తేలిగ్గా అడిగింది. పెద్దది కూడా అంతే తేలిగ్గా సరే రావే అనేసింది. ఫోను పెట్టాక గానీ తను దేనికి సరే అన్నదో ఒంటికి తెలిసిరాలేదు. కట్టుకున్న మొగుడికి కూడా ఎనిమిది నెలలుగా చూపించనిది, స్నానాలగదిలో అద్దానికి తువ్వాలు కప్పి తన కళ్లక్కూడా చూపించనిది, గంటలో చెల్లెలికి చూపించాలట. లేచి కుట్టుకొట్టు తలుపు దగ్గరికి వేసింది. వేస్తే కొట్టు కట్టేశారనుకుంటారని మళ్లీ తీసింది. తీస్తే ఎవరో ఒకరు గౌను పొడుగు తగ్గించమని వచ్చి కూర్చుంటారని సగానికి వేసి, ఆ సగం తలుపు కేసి చూస్తూ నిలబడిపోయింది. ఇంతకీ ఇక్కడా, ఇంట్లోనా? లైటు వేసా, ఆపా? నిలబడా, కూర్చునా? బట్టలు తొడగడం వృత్తిగా బతికిన మనిషికి బట్ట విప్పడం ఎలాగో తెలియకపోవడమేమిటని నవ్వొచ్చింది.

మిషను మీద చిన్నదాని చొక్కా ఉంది. సిటీ బస్సు డ్రైవరు చొక్కా. నీలం గుడ్డ, ఎడమ పక్కన జేబు, జేబు మీద బిళ్ల తగిలించుకోవడానికి చిన్న పట్టీ. ఏడాదికోసారి కంపెనీవాళ్లు రెండు చొక్కాల గుడ్డ ఇస్తే, చిన్నది ఆ మడత విప్పకుండా తెచ్చి బల్ల మీద పడేసి పోతుంది. కొలతలు ఇచ్చుకోవడం, తీసుకోవడం ఇద్దరి మధ్యా ఎప్పుడూ లేదు. ఎందుకుంటుంది? కవలలు, అచ్చు గుద్దినట్టు ఒకటే. మొదటిది పుట్టాక నర్సు చేతులు కడుక్కుని వచ్చేలోపు రెండోది కూడా పుట్టేసిందట, ఆ చేతులు కడుక్కున్నంత తేడాకి ఒకర్ని పెద్దది అన్నారు, ఒకర్ని చిన్నది అన్నారు, ఆ తేడా తప్ప మరేం లేదు. అందుకే చిన్నదాని బట్టలు పెద్దది తన ఒంటి కొలతతోనే కత్తిరిస్తుంది, సగం కుట్టి తనే తొడుక్కుని చూస్తుంది, ఎక్కడ లాగితే అక్కడ వదిలి, ఎక్కడ వదులైతే అక్కడ గుండుసూది గుచ్చి, విప్పి కుట్టేస్తుంది. "నీకు పడితే నాకు పట్టినట్టే" అంటుంది చిన్నది. కొట్టుకొచ్చిన ప్రతి ఆడమనిషి చుట్టూ టేపు తిప్పి, "ఊపిరి బిగబట్టకండి, మామూలుగా నిలబడండి" అని రోజుకి పదిసార్లు చెప్పే మనిషి, సొంత చెల్లెలి ఒంటి చుట్టూ ఇంతవరకూ టేపు వెయ్యలేదు. ఇదిగో, ఈ ఏడాది చొక్కా కూడా అలాగే తయారైంది. కాలరు అయింది, కాజాలు అయ్యాయి, గుండీలు కుట్టి ఇస్త్రీ చెయ్యడమే మిగిలింది.

సూదిలోకి దారం ఎక్కడం లేదు. దారం కొసని నాలుకతో తడిపింది. మందులెక్కించిన రోజుల్లో ఈ నాలుకకి ఏది పెట్టినా ఇనప తుక్కు నాకినట్టే ఉండేది, మంచినీళ్లు కూడా ఇనుమే. చిన్నది ఫ్లాస్కు నిండా ఏదో కాచి తెచ్చి, "తాగు, ఇది ఇత్తడి రుచి వస్తుంది, మార్పుగా ఉంటుంది" అనేది. ఆ రోజుల్లోనే ఒకావిడ బస్సెక్కుతూ డ్రైవరు సీట్లో ఉన్న చిన్నదాన్ని చూసి, "అబ్బ, పూర్తిగా కోలుకున్నారే! జుట్టు కూడా ఎంత బాగా వచ్చిందో!" అని సంబరపడిందట. "ఆఁ, బాగానే ఉన్నానండీ, టికెట్టు తీసుకోండి" అందట చిన్నది. ఆ సంగతి వచ్చి చెబితే ఇద్దరూ మంచం మీద పడి పడి నవ్వారు. చిన్నది వెళ్లాక పెద్దది వంటింట్లో కొళాయి తిప్పి, ఆ నీళ్ల చప్పుడులో ఏడ్చింది. ఏడుపెందుకో అప్పుడు తెలియలేదు. నా ఆరోగ్యం నా చెల్లెలి మొహం పెట్టుకుని ఊరంతా తిరుగుతోంది, నేను మాత్రం ఇక్కడ తలకి రుమాలు కట్టుకుని కూర్చున్నాను అనిపించింది కాబోలు. ఎక్కింది, దారం ఎక్కింది. మొదటి గుండీ.

బయట బస్సు పోయింది. హారను లేదు, చిన్నదాని బస్సు కాదు. చిన్నది ఈ వీధిలోంచి వెళ్లినప్పుడల్లా రెండుసార్లు చిన్నగా హారను కొడుతుంది, పెద్దది మిషను మీంచి తలెత్తకుండా చెయ్యెత్తుతుంది, ఏళ్ల తరబడి నడుస్తున్న పలకరింపు అది. ఆపరేషన్ అయిన కొత్తలో ఎడమ చెయ్యి పైకి లేచేది కాదు. గోడ మీద వేళ్లు పాకించమని, రోజుకి కాస్త కాస్త పైకి పాకించమని నేర్పారు ఆసుపత్రిలో. సాలీడులా పాకించి పాకించి, సున్నం గోడ మీద వేళ్ల మరకలు పడ్డాయి. చెయ్యి లేచిన రోజున మొగుడు అందరికీ ఫోన్లు చేసి చెప్పాడు. మంచివాడు. లిఫ్టులు బాగుచేసే పని, ఏ మూల చిన్న చప్పుడు తేడా వచ్చినా పట్టేస్తాడు. పెళ్లికి ముందు ఒకసారి సినిమాహాలు దగ్గర తననుకుని చిన్నదానితో పావుగంట ప్రేమగా మాట్లాడి, చివరికి చిన్నది "బావా, అక్క టికెట్ల దగ్గరుంది" అంటే నేలలోకి కుంగిపోయాడు. ఆ తర్వాత ఎప్పుడూ పొరబడలేదు. ఎలా పోల్చుకుంటావు అంటే నడకని బట్టి అనేవాడు, చాలా ఏళ్లకి గానీ అసలు సంగతి చెప్పలేదు, ఎడమ రొమ్ము మీద పుట్టుమచ్చ ఉంది నీకు, దానికి ఉండదని నా గట్టి నమ్మకం, చూడ్డానికి వీల్లేదు కాబట్టి నమ్మకమే అని. ఆ మచ్చ కూడా రొమ్ముతో పాటే పోయింది, దాన్ని కూడా గాజుసీసాలో వేసి ఎక్కడికో పంపించారు. ఇప్పుడు రాత్రిపూట గదిలోకి వస్తూనే తనే ముందు లైటు తీసేస్తాడు, నువ్వు ఇబ్బంది పడతావని అంటాడు, ఆ మాట నిజమే, నిజమైనా సరే ఆ స్విచ్చి చప్పుడు వినబడ్డప్పుడల్లా ఆమెకి ఒళ్లు మండుతుంది. నువ్వు ఒక్కసారైనా లైటు ఉంచు, నేను వద్దంటాను కదా, ఆ వద్దనే అవకాశం అన్నా నాకివ్వు. ఇలాంటివి పైకి అనలేదు. అంటే మంచివాణ్ణి బాధపెట్టినట్టు అవుతుంది. మంచివాళ్లతో ఇదే చిక్కు.

రెండో గుండీ, మూడో గుండీ. ఆ పేరు ఎవరూ పలకరు, అదొక విచిత్రం. రొమ్ము అన్న మాట ఇంట్లోంచి మాయమైపోయింది. మొగుడు "ఆ ఆపరేషన్" అంటాడు, అత్తగారు "ఆ జబ్బు" అంటుంది, చిన్నది కూడా "నీది" అని ఊరుకుంది. డాక్టరమ్మ ఒక్కతే ఆ మాట ఇంగ్లీషులో గబగబా అనేసి వెళ్లిపోతుంది. కట్టు మార్చిన రోజున నర్సు చూస్తారా అంటే తలవంచి ఒక్క క్షణం చూసింది పెద్దది. అప్పుడు కూడా తన ఒళ్లులా చూడలేదు, కుట్టులా చూసింది. కుట్టు సాఫీగా ఉంది, చంక దగ్గర మాత్రం కొంచెం ముడత పడింది, లోపల గుడ్డ ఏమీ వదల్లేదు, ఇక పెంచడానికి వీల్లేదు అనుకుంది. నర్సు ఒక పుస్తకం ఇచ్చింది, లోపల పెట్టుకునే రబ్బరు మెత్తల బొమ్మలు, వాటి ధరలు. దర్జీదాన్ని పట్టుకుని మెత్త కొనుక్కోమంటుందేమిటని రోషం వచ్చి, ఇంటికి రాగానే తనే కుట్టుకుంది, దూదిపెట్టి, బరువు కోసం నడిమధ్యన ఆవాలు పోసి. చక్కగా కుదిరింది, ఒకరోజు కొట్టులో బ్యాంకు మేనేజరమ్మకి కొలత తీస్తూ వంగినప్పుడు కుట్టు ఊడి ఆవాలు జలజల రాలేదాకా. "ఏమిటండీ, ఆవాలు?" అందావిడ కాళ్లు వెనక్కి తీసుకుంటూ. "వంటకని కొన్నానమ్మా, పొట్లం చిరిగింది" అంది పెద్దది. జేబు లేని బట్టల్లో పొట్లం ఎక్కడ దాచిందని ఆవిడ అడగలేదు, బుద్ధిమంతురాలు. ఆ రోజంతా ఊడ్చినా కొట్టులో ఏదో మూల ఒక ఆవగింజ కాలికి తగులుతూనే ఉంది, ఇప్పటికీ అప్పుడప్పుడు తగులుతుంది.

టైమెంతైంది? ఇంకా అరగంటన్నా ఉంది, లేదు, అంత ఉండదు, డిపో నుంచి నడిచే వస్తుంది, కాదు ఏదో బస్సెక్కుతుంది, డ్రైవర్లకి ఊరంతా బంధువులే. లేచి మంచినీళ్లు తాగింది, దాహం లేదు. లోపలి గదిలోకి వెళ్లింది, ఎందుకు వెళ్లిందో మర్చిపోయి తిరిగి వచ్చింది. ఏం చెప్పాలి దానికి? తనకి జబ్బు తెచ్చిపెట్టిన పుట్టుక లోపమే దానిలోనూ ఉందని రక్తం పరీక్షలో తేలాక, డాక్టరమ్మ చిన్నదాన్ని కూర్చోబెట్టి, ఇప్పుడు నీకేం లేదు, కానీ రావడానికి చాలా అవకాశం ఉంది, ముందే రెండూ తీయించుకోవచ్చు, లేదా క్రమం తప్పకుండా పరీక్షలు చేయించుకుంటూ కనిపెట్టుకుని ఉండొచ్చు, ఆలోచించుకో అంది. పెద్దదానికి మిగిలిన రెండోదాని సంగతి కూడా తర్వాత మాట్లాడదాం అంది. ఆ రోజు ఆసుపత్రి మెట్లు దిగుతుంటే పెద్దదాని మనసులోకి ఒక ఆలోచన పురుగులా దూరింది. తీయించుకోవే, తీయించుకుంటే మళ్లీ మనిద్దరం ఒకటే అవుతాం. ఛీ, అనుకుని ముగించేలోపు రెండోది దూరింది. వద్దే, తీయించుకోకే, నా ఒళ్లు ఇంక ఈ లోకంలో ఎక్కడన్నా మిగిలి ఉంటే అది నీ మీదే, నువ్వు నడుస్తుంటే వెనకనుంచి చూసి అదిగో నేను అనుకుంటున్నాను, అది కూడా పోతే నేనెక్కడ? ఒకటి దాన్ని తనలా చెయ్యాలనే కోరిక, ఇంకోటి దాన్ని తన గాజుబీరువాలో పెట్టి దాచుకోవాలనే కోరిక. దానికి జబ్బు రాకూడదు, అది బతకాలి అన్న ఆలోచన మూడోదిగా వచ్చింది. మూడోదిగా! సొంత చెల్లెలి ప్రాణం మూడో వరసలో నిలబడింది. అప్పట్నుంచీ చిన్నది ఎదురుపడితే దాని కళ్లల్లోకి చూడ్డానికి భయంగా ఉంది. చూపిస్తే దాన్ని భయపెట్టి వద్దనిపిస్తుందేమో, చూపించకపోతే అబద్ధం చెప్పి అవుననిపించినట్టు అవుతుందేమో. ఏ వైపు తిరిగినా, దాని ఒంటి గురించి తను తీర్పు చెప్పినట్టే.

ఆఖరి గుండీ. దారం కొరికింది. ఇస్త్రీపెట్టె వేడెక్కాక చొక్కా బల్ల మీద పరిచి, నీళ్లు చిలకరించి, ముందు కాలరు, తర్వాత చేతులు, తర్వాత కుడి ముందుభాగం. కుడివైపు చొక్కా బల్ల మీద పూర్తిగా పరుచుకోలేదు, రొమ్ము చోటు కోసం మడిచి కుట్టే డాట్ల దగ్గర కొంచెం ఉబ్బింది, ఆడవాళ్ల చొక్కా ఎప్పుడూ అంతే, ఆ ఉబ్బుని చేత్తో పట్టుకుని పెట్టె కొసతో రాయాలి. ఎడమవైపుకి వచ్చింది. పెట్టె సర్రున జారిపోయింది. జేబు మీదుగా, కింద అంచుదాకా, ఎక్కడా ఆగకుండా, కాగితం మీద జారినట్టు. పెట్టె నిలబెట్టి చొక్కా ఎత్తి చూసింది. ఎడమవైపు డాటు లేదు. లేదు. పక్క కుట్టు కూడా లోపలికి జరిపి ఉంది. మొన్నటి ఉక్క మధ్యాహ్నం గుర్తొచ్చింది. కరెంటు పోయి, ఫ్యాను ఆగి, ఛాతీ మీద ఆవాల మెత్త చెమటకి దురదపెట్టి చంపుతుంటే, లోపలి గది గడియ పెట్టుకుని, మెత్త తీసి మేకుకి తగిలించి, హాయిగా ఉందనుకుంటూ, ఆ హాయిలోనే సగం కుట్టిన చొక్కా తొడుక్కుని చూసింది. ఎడమవైపు వదులుగా వేలాడితే వేళ్లు వాటంతట అవే ఆ వదులు పట్టుకుని, సూదులు గుచ్చి, ఒంటికి సరిపెట్టేశాయి. ఇరవై ఏళ్ల అలవాటు, బుర్రకి చెప్పకుండా చేసే పని. ఎంత చక్కగా చేశాయంటే, ఎవరి చొక్కాకైనా లోపల రెండు వేళ్ల గుడ్డ వదిలిపెట్టేది, రేపు ఒళ్లు చేస్తే విప్పుకోవడానికని ప్రతివాళ్లకీ చెప్పి మరీ వదిలేది, ఈ చొక్కాకి మాత్రం కుట్టు పక్కనే కత్తెరతో కోసేసింది. విప్పడానికి వీల్లేదు. చొక్కా చేతిలో పట్టుకుని కుర్చీలో కూలబడింది. ఇది పొరపాటా? నిజంగా పొరపాటేనా? లేక మెట్ల మీద దూరిన ఆ పురుగు ఈ వేళ్లలోకి దిగి, తనకి తెలియకుండా, చెల్లెల్ని కోసి కుట్టేసిందా? దాచెయ్యాలి. ఇంకా అవలేదని చెప్పాలి. గుడ్డలో లోపం వచ్చిందని చెప్పాలి. చొక్కాని మడతపెట్టి గుడ్డల కింద దూర్చింది, మళ్లీ తీసింది, ఎక్కడ పెట్టినా అదే కనిపిస్తోంది.

"అక్కా, ఏంటే ఈ చీకట్లో?" అంటూ చిన్నది సగం తలుపు తోసుకుని వచ్చింది. లైటు వేసేసింది. డ్యూటీ బట్టల్లోనే ఉంది, కొత్త చొక్కాని పెద్దదాని చేతిలోంచి లాక్కుంది. "అయిపోయిందా? చెప్పవేం?" ఏయ్, ఆగు అనేలోపే పాత చొక్కా విప్పి కుర్చీ మీద వేసి, లోపలి బనీను మీద కొత్తది తొడిగేసి, అద్దం ముందుకు వెళ్లింది. కుడివైపు సరిపోయింది. ఎడమవైపు గుండీ కాజా దగ్గరికి రాలేదు. లాగింది. జేబు చంక కిందికి ఈడ్చుకుపోయింది. ఇంకోసారి లాగబోయి ఆగింది. ఆ ఎడమ వైపు మీద అరచెయ్యి పెట్టి, అద్దంలోనే అక్క కేసి చూసింది.

"పాడుచేశాను" అంది పెద్దది. "కావాలని కాదు. కావాలనో కాదో నాకే తెలీదే. లోపల గుడ్డ కూడా వదల్లేదు."

చిన్నదాని భుజాలు కదిలాయి, ఏడుస్తోందనుకుంది పెద్దది, నవ్వుతోంది. "నేను ఒప్పుకుంటే రెండూ తీసేస్తారు. ఒప్పుకోకపోతే రెండూ ఉంటాయి. ఎటు తిరిగినా ఇది నాకు పట్టదే పిచ్చిదానా!" అని చొక్కా విప్పి అక్క చేతిలో పెట్టింది. "ఈ ప్రపంచం మొత్తం మీద ఇది పట్టేది ఒక్క మనిషికే. తొడుక్కో."

తలుపు గడియ పెట్టింది చిన్నదే. లైటు తియ్యలేదు. పెద్దది గోడకి తిరిగింది, ఇటు తిరిగింది, ఎలాగైతేనేం గుండీలు విప్పింది, మెత్త తీసి బల్ల మీద పెట్టింది, లోపల ఆవాలు కదిలి సద్దుమణిగాయి. అద్దం ఎదురుగా ఉంది, దాని మీద తువ్వాలు లేదు. ఎనిమిది నెలల తర్వాత చూసింది. గీత ఉంది, తను అప్పుడు చూసిన దానికన్నా తెల్లబడింది. చంక దగ్గర ముడత ఉంది. ఆ గీత కింద, ఎముకల మీద పరిచిన పలచటి చర్మంలో, ఏదో కొట్టుకుంటోంది.

"నీ గుండె కనిపిస్తోందే" అంది చిన్నది నెమ్మదిగా. చెయ్యి చాపి, ఆపి, "ముట్టుకోనా?" అని అడిగి, వేళ్లు పెట్టింది. "తెలుస్తోందా?"

"అక్కడ తెలీదు. కొంచెం పైకి... ఇంకా... ఆఁ, అక్కడ."

"నొప్పా?"

"లేదు. ముసురుపట్టే ముందు లాగుతుంది, అంతే." "భయమేస్తోందా చూస్తే?"

"భయం నిన్న రాత్రి నుంచే ఉంది. రేపు సరేనని చెప్తానక్కా. పొద్దున్నే అనేసుకున్నాను. నీలా అవ్వాలని కాదు. బండి నడుపుతూ స్టాపు స్టాపుకీ దాని గురించే ఆలోచించలేను, అంతే." చిన్నది చెయ్యి తియ్యలేదు. "చూసి తేల్చుకుందామని రాలేదు నేను. హారను కొడితే చెయ్యి ఒక్కటే కనిపిస్తోంది ఇన్నాళ్లుగా. మనిషిని చూద్దామని వచ్చాను."

అప్పుడు ఏడుపు వచ్చింది పెద్దదానికి, కొళాయి తిప్పుకోకుండా, చప్పుడు చేసుకుంటూ. చిన్నది ఆ ఏడుపు ఆగాలని చూడలేదు, నీలం చొక్కా తెరిచి పట్టుకుని, చిన్నపిల్లకి తొడిగినట్టు ఒక చెయ్యి, తర్వాత ఇంకో చెయ్యి దూర్చి, కింద నుంచి ఒక్కొక్క గుండీ పెట్టుకుంటూ వచ్చింది. ఛాతీ దగ్గరికి వచ్చేసరికి పెద్దది బిగుసుకుపోయింది. "ఊపిరి బిగబట్టకు, మామూలుగా నిలబడు" అంది చిన్నది. గుండీ సులువుగా పడింది. చొక్కా ఎక్కడా లాగలేదు, ఎక్కడా వేలాడలేదు, జేబు తిన్నగా కూర్చుంది. ఎనిమిది నెలల్లో తన ఒంటికి సరిపోయిన మొదటి బట్ట, బస్సు డ్రైవరుది.

"రెండో చొక్కా గుడ్డ ఉందిగా" అంది చిన్నది చేతులు పక్కకి చాపి నిలబడుతూ. "కొలత తీసుకో. ఆసుపత్రికి వెళ్లేలోపు ఒక్కటన్నా నాకు పట్టేది తొడుక్కుంటాను."

పెద్దది మెడలోని టేపు తీసి మొదటిసారి చెల్లెలి చుట్టూ తిప్పింది. చూసింది. మళ్లీ తిప్పింది. తన పాత కొలత కాదు, అంగుళమున్నర ఎక్కువ. భుజం కూడా ఎక్కువే, ఇన్నేళ్లు స్టీరింగు తిప్పిన కుడి భుజం మరీ ఎక్కువ. "ఇన్నాళ్లూ నీకు చంకల్లో పట్టేసుండాలే!"

"పట్టేసేది. మలుపు తిప్పినప్పుడల్లా."

"మరి ఒక్కసారైనా చెప్పలేదేం?"

"నువ్వు ఒక్కసారైనా కొలవలేదుగా" అంది చిన్నది.

పెద్దది ముక్కు చీదుకుని, ఆ డ్రైవరు చొక్కాలోనే బల్ల దగ్గరికి వెళ్లి, రెండో గుడ్డ మడత విప్పింది. సుద్దముక్కతో చెల్లెలి కొలత గీసి, పక్కన రెండు వేళ్ల గుడ్డ వదిలి, ఇంకో గీత గీసింది.